పాతిపెట్టిన తలాంతు



పునీత మత్తయి సువిశేషం 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం మనకు చిన్ననాటి సత్యోపదేశం నుండి తెలిసినదే. యజమానుడు దూరదేశం పోతూ ముగ్గురు సేవకులకు తన సొమ్ము అప్పగించాడు. ఇద్దరు వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడవవాడు గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఈ మూడవవాణ్ణి గురించి మనం ఎప్పుడైనా నిదానంగా ఆలోచించామా? వాడు దొంగ కాడు, తాగుబోతు కాడు, జూదరి కాడు. యజమానుని సొమ్ములో ఒక్క కాసు కూడా ముట్టుకోలేదు. ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి అప్పగించాడు. అయినా గద్దింపు తిన్నాడు. వాడు చేసిన నేరం ఒక్కటే. భయపడ్డాడు. పోతుందేమో అన్న భయంతో పెరగవలసిన దానిని పెరగనివ్వలేదు.

ఈ వారం ఆ మూడవ సేవకుణ్ణి గురించి వ్రాస్తున్నాను. ఒకప్పుడు ఆ సేవకుణ్ణి నేనే గనుక వ్రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రిందటి మాట. తపస్సుకాలం, శుక్రవారం సాయంత్రం. గుడిలో సిలువ మార్గం జరుగుతున్నది. ఎనిమిదవ స్థలం దగ్గర, యెరూషలేము స్త్రీలను ప్రభువు ఓదార్చే ఘట్టంలో, వెనుక స్తంభం వైపు ఒక కుర్రవాడు సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని నిలబడి ఉండడం నా కంటబడింది. ఇంటర్ చదివే పిల్లవాడు. నాకు కోపం వచ్చింది. ప్రార్థన ఆపి, అందరూ వినేటట్లు, "దేవుని ఇంటిలో కూడా ఆ బొమ్మలపెట్టె వదలలేవా? బయటకు పో" అన్నాను. పిల్లవాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు. ప్రార్థన అయిన తరువాత ఇద్దరు ముగ్గురు పెద్దలు నా దగ్గరకు వచ్చి, "మంచి పని చేశారు ఫాదరుగారూ, మా మాట వినడం లేదు, మీరైనా చెప్పారు" అన్నారు. నేనూ సంతోషించాను. ఆ మరుసటి ఆదివారం నుండి ఆ పిల్లవాడు గుడికి రాలేదు. నేను పట్టించుకోలేదు.

రెండు నెలలకు ఆ పిల్లవాని నాయనమ్మ దేవుని పిలుపు అందుకొన్నది. ఆమె భర్త పూర్వం ఉపదేశిగా ఊరూరా నడిచి తిరిగినవాడు. ఆమెకు చదువు రాదు గాని, క్రీస్తు చరిత్ర అంతా పాటలుగా వచ్చు. సిలువ మార్గంలో ఒక్కొక్క స్థలానికి ఒక్కొక్క చరణం ఆమె ఎత్తుకొంటే, మిగిలినవారు అందుకొనేవారు. అలా 40 ఏళ్ళు. సమాధి కార్యక్రమం ముగిసిన తరువాత వాళ్ళ అరుగుమీద కూర్చొన్నాను. పిల్లవాని తల్లి ఫోను తెచ్చి, "ఇది చూడండి ఫాదరుగారూ" అన్నది.

అందులో ఆ ముసలితల్లి స్తంభానికి ఆనుకొని కూర్చొని పాడుతున్నది. కొడుకు కొడుకు ఎంతో శ్రద్ధగా ఆమె ముఖాన్నే పట్టుకొన్నాడు. చేయి వణకలేదు. మొదటి స్థలం నుండి వరుసగా ఏడు చరణాలున్నాయి. ఎనిమిదవ చరణం సగంలో పాట ఆగిపోయింది. తరువాత నా గొంతు వినిపించింది. "బయటకు పో." ఆ వెంటనే నేల కనబడింది, అంతటితో అయిపోయింది.

సహోదరులారా, ఆ పాటలోని మిగిలిన చరణాలు పూర్తిగా తెలిసినవారు ఇప్పుడు ఆ ఊరిలో ఎవరూ లేరు. ఒకరికి ఒక ముక్క, మరొకరికి ఒక ముక్క వచ్చు. నేను పాతిపెట్టిన తలాంతు అది.

పిల్లవాణ్ణి ప్రక్కకు పిలిచి క్షమాపణ అడిగాను. "మీకు తెలియదు గదా ఫాదర్" అన్నాడు. కొంచెంసేపటికి, "అడిగి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ తరువాత వాడే, "నేనూ ముందుగా మిమ్మల్ని అడిగి ఉండవలసింది" అన్నాడు. మా ఇద్దరిలో ఆ రోజు వాడే పెద్దవాడు.

ఇది చెప్పడంలో నా ఉద్దేశం గుడిలో ఫోనులు తీయమని కాదు. దివ్యపూజాబలి సమయంలో మన కన్నూ మనస్సూ బలిపీఠం వైపే ఉండాలి. నేను అడుగుతున్నది వేరు. మన పిల్లల చేతిలో ఈ పరికరం ఉన్నది. దానిని తిట్టాము, దాచాము, లాక్కొన్నాము. లేదా గొడవ ఎందుకని పూర్తిగా వదిలివేశాము. దానితో ఏమి చేయవచ్చునో ఎవరైనా కూర్చోబెట్టి నేర్పామా?

ఈ విషయంలో శ్రీసభ మనకంటె చాలా ముందున్నది. 1931 ఫిబ్రవరి 12న పదకొండవ భక్తినాథ జగద్గురువులు మార్కోనీ నిర్మించిన వాటికన్ రేడియోను ప్రారంభించారు. ఆయనే 1936లో సినిమాను గురించి ప్రత్యేకంగా ఒక లేఖ వ్రాశారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సామాజిక ప్రసార సాధనాలపై ఒక శాసనపత్రాన్నే వెలువరించింది. ఆ పత్రం ఈ సాధనాలను దేవుని సహాయంతో మానవ ప్రతిభ కనిపెట్టిన అద్భుతాలుగా ఎంచింది. యువకులు మితం, ఆత్మనిగ్రహం అలవరచుకోవాలని చెప్పింది. చెడును ఇంటిలోనికి రానీయకుండా చూసే బాధ్యత తల్లిదండ్రులదని చెప్పింది. అంతటితో ఆగలేదు. కథోలిక పాఠశాలలలో అన్ని తరగతులలోను, గురు విద్యాలయాలలోను, గృహస్థ ప్రేషిత సంఘాలలోను, ముఖ్యంగా యువతకు, ఈ సాధనాల సద్వినియోగం గురించి శిక్షణ ఇవ్వాలని కోరింది. 1967 నుండి ప్రపంచ సమాచార దినం జరుపుకొంటున్నాము. 2007లో ఆ దినానికి పదహారవ బెనెడిక్ట్ జగద్గురువులు ఎంచుకొన్న అంశమే పిల్లలు, ప్రసార సాధనాలు, విద్య.

మనం ఏమి చేశాము? జాగ్రత్త అన్న మాట విన్నాము. నేర్పండి అన్న మాట మరచిపోయాము.

మరచిపోనివారూ ఉన్నారు. ముగ్గురి సంగతి చెబుతాను.

మొదటిది కలకత్తాలో జరిగింది. కెనడా దేశస్థుడైన యేసుసభ గురువు గాస్తోన్ రొబెర్జ్ 1961లో మన దేశానికి వచ్చారు. వచ్చే దారిలో న్యూయార్క్‌లో ఆగి సత్యజిత్ రాయ్ తీసిన అపూ చిత్రాలు మూడూ చూశారు. తాను సేవ చేయబోయే ప్రజలను ఆయన మొదట చూసింది ఆ తెరమీదనే. తరువాత సినిమా కళను క్రమంగా చదువుకొన్నారు. 1970లో, సత్యజిత్ రాయ్ అండదండలతో, కలకత్తాలో చిత్రబాణి అనే సంస్థను స్థాపించారు. అక్కడ యువకులు ఫొటోలు తీయడం, సినిమాను చూసి అర్థం చేసుకోవడం, తీయడం నేర్చుకొన్నారు. ఒక గురువు ఎందుకు ఈ పనికి పూనుకోవాలని కొందరికి అనిపించవచ్చు. మన ప్రజలు రోజూ చూసే భాష చదవడం ప్రజలకు నేర్పకపోతే, ఆ భాషలో ఎవరు ఏమి చెప్పినా నమ్మే ప్రమాదం ఉన్నది గదా! ఫాదర్ రొబెర్జ్ తన జీవితమంతా అదే పనిలో గడిపి, 2020 ఆగస్టు 26న కలకత్తాలోనే కన్నుమూశారు.

రెండవది మన తెలుగునేలమీదనే జరిగింది. జహీరాబాదు దగ్గర మాచనూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత స్త్రీలు దానిని నడిపారు. అంతకు కొన్నేళ్ళ ముందే ఆ ప్రాంతపు పేద స్త్రీలు కెమెరా పట్టి తమ విత్తనాల గురించి, చిరుధాన్యాల పంటల గురించి చిత్రాలు తీశారు. వారిలో బడి ముఖం చూడనివారు చాలామంది. అక్షరం రానివారి మాటకు విలువ ఉండదని అనుకొనే లోకానికి, తమ గొంతుతో, తమ కంటితో వారు సమాధానం చెప్పారు. ఇది శ్రీసభ సంస్థ కాదు. అయినా మనం నేర్చుకోవలసిన పాఠం ఇందులో ఉన్నది. ప్రభువు కూడా దీనులను మాట్లాడనిచ్చాడు. యెరికో దారిలో కేకలు వేసిన గ్రుడ్డివాణ్ణి అందరూ ఊరకుండుమన్నారు. ప్రభువు నిలిచి, వాణ్ణి పిలిపించి, నీకేమి కావాలని అడిగాడు.

మూడవది మీ పిల్లల ఈడువాని చరిత్ర. కార్లో అకూతిస్ 1991 మే 3న లండనులో పుట్టి, ఇటలీలోని మిలాను నగరంలో పెరిగాడు. పెద్దల కంప్యూటరు పుస్తకాలు చిన్నతనంలోనే తనంతట తానే చదివి నేర్చుకొన్నాడు. వీడియోలు తీసి కూర్చడం అతనికి ఇష్టం. ఆటల మోజు అతనికీ ఉండేది. అయితే వీడియో ఆటలకు వారానికి ఒక్క గంట అని తనకు తానే హద్దు పెట్టుకొన్నాడు. మిగిలిన నేర్పును దివ్యసత్ప్రసాద అద్భుతాలను లోకానికి తెలియజేసే వెబ్‌సైటు, చిత్ర ప్రదర్శన తయారుచేయడానికి వినియోగించాడు. రక్త కాన్సరుతో 2006 అక్టోబరు 12న, 15 ఏళ్ళకే మరణించాడు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2019లో యువతకు వ్రాసిన ప్రబోధంలో ఇతనిని ప్రత్యేకంగా తలచుకొన్నారు. ఈ సాధనాలు మనుషులను మత్తులో ఉంచగలవని, వస్తువులకు బానిసలను చేయగలవని ఈ బాలుడు గ్రహించాడనీ, అదే సాధనాలతో సువార్తను, సౌందర్యాన్ని పంచాడనీ వివరించారు. 2025 సెప్టెంబరు 7న పదునాలుగవ లియో జగద్గురువులు ఇతనిని పునీతునిగా ప్రకటించారు. ఇతనికి తలాంతు ఉన్నది, నిగ్రహమూ ఉన్నది. రెండూ ఒకే బాలునిలో ఉండగలవని శ్రీసభ మనకు చూపించింది.

ఇక మా ఊరి సంగతికి వస్తాను. ఆ ముసలితల్లి మరణం తరువాత, నెలకొక శనివారం సాయంత్రం బడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టాము. పెద్ద ఏర్పాట్లు ఏమీ లేవు. రెండు ఫోనులు, పది పన్నెండుమంది పిల్లలు. పట్నంలో పెండ్లి ఫొటోలు తీసే మన విశ్వాసి ఒకాయన వచ్చి నేర్పేవాడు. మొదటి రోజు ఆయన పిల్లలకు ఒక పని చెప్పాడు. బడి ఆవరణను రెండు ఫొటోలు తీయాలి. ఒకటి చూస్తే, ఎంత చక్కని బడి అనిపించాలి. రెండవది చూస్తే, ఇది పాడుబడిన కొంప అనిపించాలి. ఒకే చోట, ఒకే గంటలో తీయాలి.

పిల్లలు ఉత్సాహంగా పరుగెత్తారు. ఒక బృందం వేపచెట్టును, మరియతల్లి గుహను పట్టుకొని వచ్చింది. మరొక బృందం విరిగిన బెంచీని, పెచ్చులూడిన గోడను పట్టుకొని వచ్చింది. అప్పుడు ఆయన అడిగాడు, "వీటిలో ఏది అబద్ధం?" పిల్లలు ఆలోచనలో పడ్డారు. రెండూ నిజమే. ఒక ఆడపిల్ల లేచి, "ఏదీ అబద్ధం కాదు సార్, కాని ఒక్కటే చూపిస్తే మోసం" అన్నది.

నేను ఆ వరండాలో ప్రక్కన కూర్చొని విన్నాను. కంటికి కనబడేదంతా పూర్తి నిజం కాదని నేను ఎన్ని ప్రసంగాలలో చెప్పి ఉంటాను! ఈ పిల్ల దానిని తన చేతితో చేసి తెలుసుకొన్నది. ఇక ఏ ప్రకటన చూసినా, ఏ నాయకుని వీడియో చూసినా, ఒక కులాన్నో మతాన్నో దూషిస్తూ ఎవరో పంపిన ముక్క చూసినా, చిత్రం అంచుకు అవతల ఏమున్నదో ఆమె అడుగుతుంది. ఈ రోజులలో కంప్యూటరే లేని మనిషి ముఖాన్ని, అనని మాటను సృష్టించగలుగుతున్నది. అటువంటి కాలంలో ఈ ప్రశ్న వేయగల బిడ్డ ఇంటికి కావలి వంటిది.

తరువాతి నెలలలో పిల్లలు ఊరి పెద్దల దగ్గరకు వెళ్ళి వారి మాటలు రికార్డు చేశారు. మగ్గం నేసే తాత, మంత్రసాని అమ్మమ్మ, పూర్వం క్రిస్మస్‌కు హేరోదు వేషం వేసిన మామయ్య. ఒక గంట మాట్లాడిన దానిని మూడు నిమిషాలకు కుదించాలి. దానికి ఆ గంటా మళ్ళీ మళ్ళీ వినాలి. ఇంటిలో తాత ఒక్క నిమిషం మాట్లాడితే లేచి వెళ్ళే పిల్లలు, ఆ తాత మాటను పదిసార్లు విన్నారు. ఏమి ఉంచాలి, ఏమి తీసివేయాలి, తీసివేస్తే ఆయన మనస్సు నొచ్చుకొంటుందా అని తమలో తాము వాదించుకొన్నారు. ఇది కూడా పరప్రేమ పాఠమే గదా?

అంతా సాఫీగా సాగిందని చెబితే నేనూ ఆ ఒక్కటే ఫొటో చూపించినట్లవుతుంది. ఒకసారి ఒక కుర్రవాడు తరగతికి వచ్చే ఆడపిల్ల ఫొటోను ఆమెకు చెప్పకుండా తీసి, వెకిలి వ్రాతతో స్నేహితులకు పంపాడు. ఆ పిల్ల వారం రోజులు కాలేజీకి వెళ్ళలేదు. వాళ్ళ తండ్రి, "ఇందుకేనా మీ క్లాసులు" అని నన్ను నిలదీశాడు. ఆయనకు కోపం రావడం న్యాయమే. తరగతి ఆపివేయాలా అని రాత్రంతా ఆలోచించాను. మళ్ళీ గొయ్యి తీసే ఆలోచన! ఆపలేదు. ఆ కుర్రవాడు తల్లిదండ్రులతో కూడ వెళ్ళి ఆ పిల్లను, ఆమె తల్లిదండ్రులను క్షమాపణ అడిగాడు. పంపిన ప్రతివాని దగ్గరకూ వెళ్ళి తీసివేయించాడు. ఆ పిల్ల మాత్రం తిరిగి తరగతికి రాలేదు. ఆ లోటు మాకు అలాగే ఉన్నది. అప్పటి నుండి ఎవరినైనా తీసే ముందు అడగాలి, చూపే ముందు మళ్ళీ అడగాలి అన్నది మా మొదటి పాఠం.

యువకులారా, ఇది మర్యాద మాత్రమే అనుకోకండి. ఒకరి శరీర గోప్యతకు భంగం కలిగించే చిత్రాన్ని వారి సమ్మతి లేకుండా తీసినా, పంపినా, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. చట్టం కంటె పెద్దది మరొకటి ఉన్నది. మీరు కెమెరాతో చూసే ప్రతి ముఖమూ దేవుని పోలికలో చేయబడిన ముఖం.

తల్లిదండ్రులారా, విచారణ పెద్దలారా, మీకు నాలుగు మనవులు.

మొదటిది. మీ బిడ్డ ఫోను లాక్కొనే ముందు, "ఏమి చేస్తున్నావో నాకు చూపించు" అని ఒక్కసారి అడగండి. సమాధానం వినే ఓపికతో అడగండి. చెడు కనబడితే గట్టిగానే ఆపండి. మంచి కనబడితే మెచ్చుకోండి.

రెండవది. ఇంటిలో ఒక గంట పెట్టుకోండి. భోజనం వేళ, జపమాల వేళ ఫోనులు ఒక పళ్ళెంలో ప్రక్కన పెట్టాలి. నాన్న ఫోను కూడా ఆ పళ్ళెంలోనే ఉండాలి. మనం చేయనిది పిల్లలు చేయరు.

మూడవది. ప్రతి విచారణలోను నెలకొక పూట పిల్లలకు ఇటువంటి శిక్షణ ఏర్పాటు చేయండి. ఊరిలో ఫొటోలు తీసేవారు, పాటలు కట్టేవారు, నాటకాలు ఆడించేవారు ఉన్నారు. మన పూర్వులు బుర్రకథతో, కోలాటంతో, సిలువ నాటకంతో క్రీస్తును ఊరూరికీ చేర్చారు. సికింద్రాబాదులోని అమృతవాణి వంటి మన సమాచార కేంద్రం కూడా ఆ బాటలోనే నడిచింది. ఇది క్రొత్తది కాదు, మన వారసత్వమే.

నాలుగవది. ఈ శిక్షణలో ఆడపిల్లలను వెనక్కు నెట్టకండి. ప్రమాదం ఉన్నదని ఆడపిల్లను ఇంటిలో కూర్చోబెట్టి, ప్రమాదం తెచ్చిన మగపిల్లవాణ్ణి వదిలివేయడం న్యాయం కాదు.

చివరిగా ఒక సంగతి. ఆ కుర్రవాడు ఇప్పుడు పట్నంలో డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఊరిలోని ముసలివాళ్ళ ఇండ్లకు తిరుగుతాడు. నాయనమ్మ పాటలో మిగిలిన ఏడు స్థలాల చరణాలను ఏరుతున్నాడు. ఇంతవరకు నాలుగు దొరికాయి. క్రిందటి తపస్సుకాలంలో ఒక శుక్రవారం ఎనిమిదవ స్థలం దగ్గర ఆ చరణం పూర్తిగా పాడించాడు. ఫోను మాత్రం తీయలేదు. స్తంభం దగ్గర నిలబడి అందరితోపాటు తానూ పాడాడు.

మీ ఇంటిలో కూడా ఇటువంటి పాట ఒకటి ఉండవచ్చు. దానిని పాడగలిగినవారు ఇంకా బ్రతికే ఉండవచ్చు. ఈ ఆదివారం మీ బిడ్డను ఆ పెద్దవారి దగ్గర కూర్చోబెట్టండి.

ప్రార్థింతము: ప్రేమగల తండ్రీ, విత్తనముతోను, దీపముతోను, తప్పిపోయిన గొర్రెతోను నీ రాజ్యమును మా కన్నుల ఎదుట చిత్రించిన నీ కుమారుని బట్టి నీకు స్తోత్రము. మా బిడ్డల కన్నులను శుద్ధి చేయుము. వారి చేతులకు నేర్పును, మనస్సులకు నిగ్రహమును దయచేయుము. భయముతో నీ సొమ్మును పాతిపెట్టిన మమ్ము క్షమించి, త్రవ్వి తీయు ధైర్యమును ప్రసాదించుము. మా ప్రభువైన క్రీస్తు ద్వారా. ఆమెన్.